"ఎర్తు ఉన్నది గద సార్!"



ఇంతవరకు ఈ పుటలో ఛందస్సు గురించి, పాఠ్యపుస్తకాలలోని అచ్చుతప్పుల గురించి, అరసున్న అవసరానవసరాల గురించి వ్రాస్తూ వచ్చిన నేను ఈనాడు కరెంటు గురించి వ్రాయబూనడం చూచి మీరు నవ్వుకొనవచ్చును. మా కాలనీ సంఘ సమావేశంలో ఒక పెద్దమనిషి నవ్వనే నవ్వినాడు. "తెలుగు పంతులుగారికి ఎర్తింగు సంగతి ఎందుకండీ?" అన్నాడు. ఆయన విశ్రాంత ఇంజనీరు, మర్యాదస్థుడు, నాకు మిత్రుడే. ఆ ప్రశ్నకు అక్కడ తగిన సమాధానం చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను. టపా నిడివి పెరిగితే మన్నించండి.

నేను పటాన్‌చెరు చేరిన నాటికి రహదారికి ఒక ప్రక్క కర్మాగారాలు, రెండవ ప్రక్క జొన్నచేలు. 1972లో వెలసిన ఇక్రిశాట్ పొలాలు తప్ప ఈనాడు ఆ పచ్చదనం చూద్దామన్నా కనబడదు. అమీన్‌పూర్, బీరంగూడ, కొల్లూరు, తెల్లాపూర్ – ఎటు చూచినా ప్రహరీ లోపలి కాలనీలే. ప్రతి కాలనీ ప్రకటనలోనూ నీలిరంగు ఈతకొలను, దాని ఒడ్డున నవ్వుతున్న పిల్లలు. మా చిన్నతనంలో ఈత నేర్చుకొనడమంటే నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకొని దిగుడుబావిలోకి దూకడం. ఆ బావిలో నీళ్లు మాత్రమే ఉండేవి. ఈనాటి కొలనులో నీళ్లతో బాటు మోటారు ఉంటుంది, నీటి అడుగున దీపాలు ఉంటాయి, ఉక్కు నిచ్చెన ఉంటుంది, కాంక్రీటు కడుపులో టన్నులకొద్దీ ఇనుము ఉంటుంది. ఇది బావి కాదు, ఒక యంత్రం. ఈ మాట మనలో ఎందరు గ్రహించామో చెప్పలేను.

పోయిన వేసవి సెలవులలో నా మనుమరాలు మా కాలనీ కొలనులో ఈదుతూ, పైకి రావడానికి నిచ్చెన పట్టుకొని, వెంటనే వదలివేసి, "తాతా, ఈ నిచ్చెన కరుస్తున్నది" అన్నది. ఆ పిల్ల వయస్సు ఎనిమిదేళ్లు. నేను చేయి పెట్టి చూచాను. ఒడ్డున పొడి చెప్పులతో నిలబడిన నాకు ఏమీ తెలియలేదు. మెట్టు దిగి మోకాలిలోతు నీళ్లలో నిలబడి పట్టుకొన్నాను. చీమలు ప్రాకినట్లు, కుట్టీకుట్టనట్లు చేయంతా చిమచిమలాడింది. పిల్ల నిజమే చెప్పింది.

కాలనీ ఎలక్ట్రీషియన్ వచ్చాడు. జేబులోని టెస్టరు తీసి నిచ్చెనకు ఆనించాడు. "చూడుండ్రి సార్, ఎల్గుతలేదు. కరెంట్ లేదు" అన్నాడు. మరి ఈ చిమచిమ ఏమిటన్నాను. "ఎర్తు ఉన్నది గద సార్! రెండు గుంతలు తవ్వి బొగ్గు, ఉప్పు పోసి ఎర్తు ఇచ్చినం. ఏం కాదు" అన్నాడు. అతని తప్పు లేదు. అతనికి ఎవరూ అంతకుమించి చెప్పలేదు. ఆ టెస్టరులోని చిన్న నియాన్ దీపం వెలగడానికి అరవై డెబ్భై వోల్టులైనా కావాలట. తడిసిన ఒంటికి హాని చేయడానికి అన్ని వోల్టులు అక్కరలేదు.

నా పూర్వ విద్యార్థి ఒకడు ఇక్కడి మందుల కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటు టెక్నీషియన్. వాడిని పిలిచాను. మల్టీమీటరు తెచ్చి ఒక తీగ నిచ్చెనకు, ఒక తీగ నీళ్లలోకి పెట్టాడు. ఏడు వోల్టులు. మోటారు ఆపించాడు. ఏడే. దీపాల స్విచ్చి ఆపించాడు. అప్పుడూ ఏడే. సాయంత్రం ఇళ్లన్నిటిలో ఏసీలు మొదలైన తరువాత మళ్లీ చూస్తే తొమ్మిది దాటింది. "సార్, ఇది కొలను మోటారు నుంచి వచ్చేది కాదు. కాలనీ మొత్తం వాడకం వల్ల న్యూట్రల్ మీద లేచిన వోల్టేజి. అది ఎర్తు తీగ పట్టుకొని వచ్చి నీళ్లలో దిగుతున్నది" అన్నాడు.

మళ్లీ చదవండి. ఎర్తు తీగ పట్టుకొని వచ్చింది. ఏ తీగ ఉన్నది కనుక భయం లేదన్నారో, ఆ తీగయే దారి చూపించింది.

నా తగవు ఇక్కడ మొదలవుతుంది. ఎర్తు వేరు, బాండింగు వేరు. వ్యాకరణంలో సంధి, సమాసం రెండూ కలపడమే కదా అని ఒకదానికి బదులు ఒకటి వ్రాసే విద్యార్థికి నేను ముప్పై ఏళ్లపాటు సున్న వేశాను. సంధి కలిపేది వర్ణాలను, సమాసం కలిపేది పదాలను. కలిపే వస్తువు వేరు, ప్రయోజనం వేరు. ఎర్తుదీ బాండింగుదీ అదే కథ. మోటారు లోపల తీగ తెగి పై తొడుగుకు తగిలినప్పుడు ఆ కరెంటుకు తిరుగుదారి చూపించి, ఫ్యూజు కొట్టించి, సరఫరా తెగేలా చేయడం ఎర్తు పని. బాండింగు కరెంటును ఎక్కడికీ పంపదు. మనిషి చేయీ కాలూ ఒకేసారి తగలగల వస్తువులన్నిటినీ ఒకే వోల్టేజికి తెస్తుంది. అంతే దాని పని.

తీగ మీద కూర్చున్న పిట్టను చూడండి. దాని క్రింద 11 వేల వోల్టులు ప్రవహిస్తున్నా పిట్టకు ఏమీ కాదు. రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నాయి కనుక దాని ఒంటిలో నుంచి పారడానికి కరెంటుకు కారణం లేదు. ఇప్పుడు వానకాలంలో మన పల్లెల్లో చూచిన దృశ్యం గుర్తుకు తెచ్చుకోండి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర తెగిపడిన తీగ చుట్టూ నేల తడిసి ఉంటుంది. ఆ ప్రక్కగా నడిచిన మనిషి బ్రతుకుతాడు, వెనుక వచ్చిన బర్రె కూలిపోతుంది. బర్రె ముందు కాళ్లకు, వెనుక కాళ్లకు దూరం ఎక్కువ. ఆ దూరంలో నేల మీది వోల్టేజి మారిపోతుంది. ఆ తేడా గుండె మీదుగా పారుతుంది. ప్రాణం తీసేది తేడా. కొలనులో నీళ్లు ఒక మట్టంలో, నిచ్చెన ఒక మట్టంలో, ఒడ్డు బండలు మరొక మట్టంలో ఉంటే ఈదేవాడు బర్రె స్థానంలో ఉన్నాడు. బాండింగు చేసిన కొలనులో వాడు పిట్ట స్థానంలో ఉంటాడు.

ఇంజనీరు మిత్రుడు ఎర్తు గుంతను అంత గట్టిగా నమ్ముకొన్నాడు కనుక ఒక చిన్న లెక్క చూడండి. ఎనిమిదవ తరగతి పిల్లవాడు చేయగల లెక్క. ఆ గుంత నిరోధం 10 ఓములు అనుకొందాం. మన రాళ్ల నేలలో, ఎండాకాలంలో అది మంచి గుంతే. 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. ఆ మోటారు వైపు పెట్టింది 32 ఆంపియర్ల ఎం.సి.బి. అయితే అది కొట్టదు. కొట్టనంతసేపు మోటారు తొడుగు, ఎర్తు తీగ, ఆ తీగతో కలిసిన ప్రతి లోహపు ముక్క దాదాపు సరఫరా వోల్టేజి మీదనే నిలిచి ఉంటాయి. గుంతలో కొంత ఉప్పు పోసినంత మాత్రాన ఈ ప్రమాదం తొలగిపోదు.

"ఆర్.సి.సి.బి. ఉన్నది కదా" అన్నారు సమావేశంలో మరొకరు. ఉండాలి. తప్పక ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే సరఫరా తెంపే ఆ పరికరం ఎన్నో ప్రాణాలు కాపాడింది. కాని అది తన గుండా వెళ్లిన కరెంటు, తన గుండా తిరిగివచ్చిన కరెంటు సమానమా కాదా అని మాత్రమే చూస్తుంది. ప్రక్క ఇళ్ల వాడకం వల్ల న్యూట్రల్ మీద లేచి, ఎర్తు తీగ మీదుగా వచ్చిన వోల్టేజి దాని గుమ్మం త్రొక్కనే త్రొక్కదు. మా కొలను దగ్గర మోటారు, దీపాలు అన్నీ ఆపిన తరువాత కూడా మీటరు ఏడు చూపించింది అందుకే. కావలివాడు వీధి గుమ్మంలో కూర్చున్నాడు, దొంగ పెరటి దారిన వచ్చాడు.

ఏడు వోల్టులేమి చేస్తాయి అంటారా? పొడి చేతికి ఏమీ చేయవు. తడిసి, మెడవరకు నీళ్లలో ఉన్న ఒంటి నిరోధం వెయ్యి ఓములు, ఒక్కొక్కసారి అంతకంటె తక్కువ. పది మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు మన మాట వినవు. పట్టుకొన్నది వదలలేము, కాళ్లు ఆడించలేము. నేల మీద అయితే కేక వేస్తాము. నీళ్లలో అయితే మునిగిపోతాము. ఒంటి మీద కాలిన మచ్చ ఉండదు. చూచినవారు "ఈత రాక మునిగిపోయింది" అంటారు. అందుకే కొలనులకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం, ఐ.ఇ.సి. 60364లోని 702వ భాగం, నీటి లోపల పనిచేసే పరికరాలకు 12 వోల్టులను మించనివ్వదు. ఆ సరఫరా ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు కూడా కొలనుకు దూరంగా ఉండాలంటుంది. కొలను అంచు నుంచి మూడున్నర మీటర్ల వరకు ఉన్న లోహభాగాలన్నిటినీ ఒకదానితో ఒకటి కలపాలంటుంది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2023 డిసెంబరు 28న బెంగళూరు వర్తూరులోని ఒక పెద్ద అపార్ట్‌మెంటు సముదాయంలో ఒక చిన్నపిల్ల కొలను దగ్గర చనిపోయింది. విద్యుద్ఘాతమే కారణమని తరువాత దర్యాప్తులో తేలింది. 2024 ఫిబ్రవరిలో పోలీసులు నివాసుల సంఘం అధ్యక్షుణ్ణి, నిర్వహణ సిబ్బందిని అరెస్టు చేశారు. సంఘాలలో పదవులకు పోటీపడే నా మిత్రులు ఈ చివరి వాక్యం కొంచెం నిదానంగా చదువవలెనని ప్రార్థన. ఆ సంవత్సరమే జూన్‌లో మన హైదరాబాదు శివారులోనే, జల్‌పల్లిలో ఒక ఫాంహౌసు కొలనులో దిగిన కుటుంబంలో పదిమందికి పైగా షాకుకు గురయ్యారు. ఆ ఫాంహౌసులు మన సంగారెడ్డి దారిలో లేవా? వారాంతపు అద్దెకు కొలను చూపించని ఫాంహౌసు ఉన్నదా?

ఇప్పుడు నన్ను అన్నిటికంటె బాధించే మాట. బాండింగు అంటే పటాన్‌చెరుకు తెలియక కాదు. ఈ దేశంలో బాండింగు గురించి బాగా తెలిసిన ఊళ్లు ఏవని అడిగితే మన పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పేర్లు చెప్పవచ్చు. మందుల కర్మాగారాలలో సాల్వెంటు పారే గొట్టాలను చూచినవారికి తెలుసు. ఫ్లాంజికి ఫ్లాంజికి నడుమ ఒక చిన్న రాగి పట్టీ బిగించి ఉంటుంది. జంపరు అంటారు. రెండు గొట్టాల మధ్య వోల్టేజి తేడా ఏర్పడి నిప్పురవ్వ పుట్టకూడదని దానిని పెడతారు. డ్రమ్ములోకి సాల్వెంటు వంపేముందు క్లిప్పు తగిలించనిదే కవాటం త్రిప్పరు. నా విద్యార్థి అన్నాడు: "మా దగ్గర ఒక్క జంపరు ఊడితే ఆడిటరు ఊరుకోడు సార్. ఇక్కడ పిల్లలు దిగే నీళ్లకు ఒక్కటి లేదు." ఆ కర్మాగారాలన్నీ నియమం తప్పక నడుస్తున్నాయని నేను అనడం లేదు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి పరిశ్రమ పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు మరణించిన ఊరిలో ఉండి ఆ మాట అనలేను. నేననేది ఇంతే: టోలుయీన్ డ్రమ్ముకు ఇచ్చిన గౌరవం మన పిల్లలకు ఇవ్వలేదు.

ఒకప్పుడు నక్కవాగు నీళ్లు రంగు మారినప్పుడు, కంపు కొట్టినప్పుడు ఇక్కడివారు గొడవ చేశారు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ విషానికి రంగు, వాసన ఉండినవి. దీనికి లేవు. పైగా ఇది నీలంగా, తేటగా, క్లోరిను వాసనతో ఆసుపత్రి అంత శుభ్రంగా కనబడే నీరు. గొడవ చేసేదెవరు?

సమావేశంలో మా బిల్డరు మనిషిని నేనడిగిన ప్రశ్న ఒక్కటే: "బాండింగు చేశారా?" ఆయన ఎంతో ధీమాగా, "బైండింగ్ అంతా గట్టిగనే చేసినం సార్, రాడ్లన్నీ బైండింగ్ వైర్‌తోనే కట్టినం" అన్నాడు. సభ నవ్వింది. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆయనకు తెలియకుండానే సగం నిజం చెప్పాడు. కాంక్రీటు పోయడానికి ముందు ఇనుప చువ్వలను కట్టుతీగతో బిగించి కట్టినప్పుడు ఆ చువ్వలన్నీ విద్యుత్పరంగా కూడా ఒకటవుతాయి. అమెరికా స్మృతి కూడా ఆ కట్టును అంగీకరిస్తుంది. ఎండలో వంగి చువ్వలు కట్టిన ఆ వలస కూలీ తన పని తాను చేసి వెళ్లాడు. ఆ చువ్వల నుంచి ఒక రాగి తీగ బయటికి తెచ్చి నిచ్చెన కుదురుకు, చేతిపట్టు కడ్డీకి, దీపపు గూటికి, మోటారు తొడుగుకు, ఒడ్డు బండల క్రింది వలకు కలపవలసినవాడు చేయలేదు. ఆ పని కాంక్రీటు పోయకముందు అరపూట పని. పోసిన తరువాత బండలు పగులగొట్టవలసిన పని.

ఖర్చు అంటారా? అమెరికాలో ఈతకొలనుల కోసం 680వ అధికరణం 1962లోనే విద్యుత్ స్మృతిలో చేరింది. దాని ప్రకారం తీగ సుమారు 8.4 చదరపు మిల్లీమీటర్ల మందం గల ఒంటి రాగి తీగ కావాలి, కొలను చుట్టూ మూడడుగుల మేర ఒడ్డు కూడా దానితో కలవాలి. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల కొలను చుట్టూ అర మీటరు ఎడంగా తీగ వేస్తే 34 మీటర్లు. ఆ రాగి బరువు లెక్క వేశాను. రెండున్నర కిలోలు. మా అమ్మ కాపురానికి తెచ్చుకొన్న రాగి గంగాళం అంతకంటె బరువు. క్లబ్ హౌసు ముందర ఇటలీ పాలరాయి పరచిన బిల్డరుకు ఒక గంగాళమంత రాగి భారమయిందా?

ఇక పంతులుకు ఈ సంగతి ఎందుకన్న ప్రశ్నకు వస్తాను.

మిత్రులారా, మనం 'పోస్టు'ను 'టపా' చేశాము. 'లింకు'ను 'లంకె' చేశాము. 'ఇంటర్నెట్టు'కు 'అంతర్జాలం' అని పేరు పెట్టుకొని మురిసిపోయాము. ఒక్కొక్క మాట మీద వ్యాఖ్యల పెట్టెలో రాత్రులకు రాత్రులు తగవులాడాము. నేనూ ఆడినవాడినే, సిగ్గుపడటం లేదు. కాని ఈ ఒక్క మాటకు, ప్రాణం నిలిపే మాటకు, తెలుగు లేదని మనలో ఎవరికీ తట్టలేదు. మేస్త్రీ నోట, ఎలక్ట్రీషియన్ నోట, సంఘాధ్యక్షుని నోట అంతా ఒకటే 'ఎర్తు'. పేరు లేని పనిని ఎవరు అడుగుతారు? అడగని పనిని ఏ బిల్డరు చేస్తాడు? 'బాండింగు చేశారా' అంటే 'బైండింగు చేశాం' అన్న జవాబు ఒక్క మనిషి అజ్ఞానం కాదు. మాట లేకపోవడం వల్ల ఏర్పడిన గుంత అది, ఎర్తు గుంతకంటె లోతయినది. ఆ గుంత పూడ్చడం పంతులు పని కాదంటే మరెవరి పని?

'సమవిభవ బంధనం' అని వ్రాయగలను. పుస్తకానికి బాగుంటుంది. మేస్త్రీ పలకడు, పైగా 'బంధనం' అంటే చెరసాల గుర్తుకు వస్తుంది. నాకు రసమట్టం గుర్తుకు వచ్చింది. గోడ ఇటు కొస అటు కొస ఒకే ఎత్తులో ఉన్నదో లేదో చూడటానికి మన మేస్త్రీలు రసమట్టం పెడతారు, లేదా నీళ్లు నింపిన సన్నని గొట్టం పట్టుకొంటారు. గొట్టం రెండు కొసలలోని నీరు ఒకే మట్టానికి వస్తుంది. ఈ రాగి తీగ కరెంటుకు ఆ గొట్టం వంటిది. అందుచేత దీనిని 'మట్టపుతీగ' అందామని నా ప్రతిపాదన. "కొలనుకు మట్టపుతీగ కట్టారా?" అని అడిగితే మేస్త్రీకి కనీసం ప్రశ్న అర్థమవుతుంది. ఇంతకంటె మంచి మాట మీకు తోస్తే సంతోషంగా నాది ఉపసంహరించుకొంటాను. ఒక్క షరతు, అది మేస్త్రీ నోట పలకాలి.

మా కాలనీ సంగతి. మొదటి సమావేశంలో "మొదటినుంచి ఇట్లనే ఉన్నది, ఎవరికీ ఏమీ కాలేదు" అన్నారు. నా విద్యార్థి మీటరుతో తీసిన ఫోటోలు రెండవ సమావేశంలో చూపించాను. ఇంజనీరు మిత్రుడు తన సొంత మీటరు తెచ్చుకొని వెళ్లి చూచి వచ్చి, అరగంటసేపు మాట్లాడలేదు. తరువాత కొలనుకు తాళం వేయవలెనని తీర్మానం ప్రతిపాదించినది ఆయనే. ఇది ఆయన పట్ల గౌరవంతో వ్రాస్తున్నాను. తాళం వేశారు. ఒడ్డు బండలు తీయించి తీగ వేయడానికి బిల్డరు ఒప్పుకోవడం లేదు, ఖర్చు సంఘం భరించాలంటున్నాడు. కట్టుతీగ చువ్వలు ఎక్కడెక్కడ కలిశాయో చెప్పే కాగితం ఏదీ తన దగ్గర లేదంటున్నాడు. పిల్లలు నా ఇంటి ముందు నుంచి పోతూ "ఈ తాతే స్విమ్మింగ్ పూల్ బంద్ చేయించిండు" అని వేలు చూపిస్తున్నారు. భరిస్తాను.

మీలో చాలామంది అమెరికాలో ఉన్నారు, ఇంటి వెనుక కొలనులు ఉన్నవారూ ఉన్నారు. కాంక్రీటు పోయడానికి ముందు నగర తనిఖీదారు వచ్చి ఆ తీగ చూచి సంతకం చేసిన తరువాతనే మీకు పని ముందుకు సాగి ఉంటుంది. ఆ తనిఖీ కాగితం నకలు, మీ చిరునామా చెరిపివేసి, ఎవరైనా పంపగలిగితే తెలుగు చేసి మా సంఘం నోటీసు బోర్డు మీద అంటిస్తాను. హైదరాబాదు, బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉన్నవారు ఈ ఆదివారం మీ కాలనీ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరు పెట్టించండి. టెస్టరు కాదు, మీటరు. నీటికి నిచ్చెనకు నడుమ ఒకసారి, నీటికి తడి ఒడ్డుకు నడుమ ఒకసారి, సాయంత్రం ఏడు దాటిన తరువాత. వచ్చిన అంకె క్రింద వ్యాఖ్యగా వ్రాయండి. మూడవ సమావేశం వచ్చే నెల మొదటి ఆదివారం.